టీనా కూర్చున్న గుమ్మం

డాగ్ స్క్వాడ్‌లో చేసి రిటైరయ్యానని చెప్పగానే ఎదుటివాడి మొహం వెలిగిపోతుంది. వెంటనే అడిగేది నా గురించి కాదు. "ఏం తింటది సార్? కరుస్తదా? దానికి నీకంటే జీతం ఎక్కువంట గద?" సర్వీసంతా ఈ ప్రశ్నలకే జవాబు చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. నా ఫొటో ఏ పేపర్లోనూ పడలేదు. మా టీనా ఫొటో మాత్రం జిల్లా ఎడిషన్లో పెద్దగా పడింది. అందులో గొలుసు పట్టుకున్న చెయ్యి నాదే. మా ఆవిడ ఆ ముక్క కత్తిరించి బీరువాలో దాచింది, చెయ్యి గుర్తుపట్టింది పాపం.

కొత్తగా హ్యాండ్లర్లుగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఖమ్మంలో మా ఇంటికి వస్తుంటారు. కుక్కకు పెరుగన్నం ఎంత పెట్టాలి, ఎండాకాలం ఎన్నిసార్లు స్నానం చేయించాలి అని అడుగుతారు. అవన్నీ ట్రైనింగ్‌లో చెబుతారు నాయనా. అక్కడ చెప్పనిది ఒకటుంది. అది నాకు ఒక పసివాడి కేసు నేర్పింది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

కుక్క చెప్పే ముచ్చట

మాకు ట్రైనింగ్ ఇచ్చిన పెద్దాయన కుక్కలతో మర్యాదగా, మనుషులతో బూతులతో మాట్లాడేవాడు. మొదటి రోజే మమ్మల్ని వరసగా నిలబెట్టి అన్నాడు: "ఒరేయ్, కుక్క ఒక్కటే ముచ్చట చెప్తది. నువ్వు మూతి కాడ పెట్టిన వాసన ఏడిదాక పోయిందో గది చెప్తది. దొంగ ఎవడో, దొర ఎవడో దానికి ఎరుక లేదు. గది నువ్వు చెప్తవ్. తప్పు చెప్తవ్. తిట్లు కుక్కకు పడ్తయ్."

ఇల్లందులో ఒకసారి బొగ్గు గని క్వార్టర్స్‌లో దొంగతనం జరిగింది. దొంగ వదిలేసిపోయిన గడ్డపార వాసన చూపిస్తే, అప్పట్లో నా దగ్గరున్న కుక్క సరాసరి బస్టాండుకు పోయి, ఆగి ఉన్న బస్సు మెట్టెక్కి కూర్చుంది. దొంగ పొద్దుటి బస్సెక్కి వెళ్లిపోయాడని దానర్థం. మా ఆఫీసరు మాత్రం ఆ బస్సు కండక్టర్ని సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టాడు. ఆ బస్సు పొద్దుట వచ్చింది కూడా కాదు. "కుక్క చూపించింది కదయ్యా!" అంటాడు. కుక్క బస్టాండు చూపించింది సార్ అని చెప్పాను. నన్ను బయటికి పొమ్మన్నాడు, కుక్కకు మాత్రం బిస్కెట్లు తెప్పించాడు.

ఇంకో నిజం కూడా చెబుతాను. మాకు వచ్చే పిలుపుల్లో సగం దొంగను పట్టడానికి కావు. ఏ ఆధారమూ దొరకని ఆఫీసరు, బయట జనం కేకలేస్తుంటే, "డాగ్ స్క్వాడ్ వస్తోంది" అని ప్రకటిస్తాడు. జనం చల్లబడతారు. కుక్క దిగగానే ఫోన్లు తీసి వీడియోలు పట్టుకుంటారు. అది ఎటు నడిస్తే అటు నడుస్తారు. అది ఎక్కడ కూర్చుంటే అక్కడ తీర్పు అయిపోయినట్టే. జడ్జీకి ఏళ్లు పట్టే పని కుక్క నిమిషాల్లో చేసిందని మురిసిపోతారు.

ఎడమకాలి చెప్పు

చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట ఆ ఊరు. పేరు రాయను, బాబు పేరూ రాయను. ఊరి చుట్టూ పామాయిల్ తోటలు, వాటి వెనక టేకు చెట్లు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న రైతుల ఇళ్లు రోడ్డుకు ఒకవైపు. కూలీల ఇళ్లు, రేకుల చర్చి రెండోవైపు. అందరూ అందరినీ పేరు పెట్టి పిలుచుకుంటారు. రోడ్డు మాత్రం మధ్యలో అలాగే ఉంటుంది.

సాయంత్రం ఇంటి ముందు ఆడుకుంటున్న ఆరేళ్ల బాబు కనిపించకుండా పోయాడు. రైతు కుటుంబం, ఒక్కడే కొడుకు. తెల్లవారాక అడవి అంచున వాడి ఎడమకాలి చెప్పు దొరికింది. దాంతో మాకు ఫోనొచ్చింది.

టీనా అప్పటికి మంచి వయసులో ఉంది. నల్లటి లాబ్రడార్. మేం అడవి అంచున దిగేసరికి ఎస్సై ఒక కవర్లో చెప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుర్రవాడు, చురుకైనవాడు, అప్పటికే విలేకర్లకు రెండుసార్లు మాట్లాడి ఉన్నాడు. ఏ హ్యాండ్లరైనా మొదట అడగాల్సింది నేను అడిగాను.

"దీన్ని ఎవరెవరు ముట్టుకున్నరు సార్?"

"ఎవ్వరు ముట్టలే వెంకన్నా. మా పార్టీ వెతుకుతుంటే దొరికింది. పెద్దమనుషుల ముందట పంచనామా గూడ రాసినం."

ఆ పెద్దమనుషుల్లో ఒకాయన పక్కనే ఉన్నాడు. కోటేశ్వరరావు గారు, ఊరి మాజీ సర్పంచ్. "అవునండీ, నా కళ్ల ముందే దొరికింది" అన్నాడు. తెల్లచొక్కా మనిషి, గొంతు పెద్దది. నేను నమ్మాను. కోటేశ్వరరావు గారిని చూసి కాదు, వేరే దారి లేక.

టీనాకు చెప్పు వాసన చూపించాను. అది అడవి వైపు మూతి కూడా తిప్పలేదు. వెనక్కి ఊళ్లోకి తిరిగింది. సిమెంటు రోడ్డు దాటింది. చర్చి పక్క సందులో పడి, ఒక పెంకుటింటి గుమ్మం ముందు కూర్చుని మొరిగింది. ఎక్కడా తడబడలేదు, ఒక్కచోట కూడా ఆగి మళ్లీ వెతుక్కోలేదు. నా సర్వీసులో అంత శుభ్రంగా వాసన పట్టిన పరుగు నేను చూడలేదు. నా వెనక జనంలో మాత్రం ఒక రకమైన మూలుగు లేచింది. అది విన్నవాడు మరిచిపోలేడు.

ఆ ఇల్లు ఏసోబుది. తోటల్లో పామాయిల్ గెలలు కోసే మనిషి. భుజాన తువ్వాలతో బయటికొచ్చాడు. టీనాను, జనాన్ని చూసి బిత్తరపోయాడు.

"ఏంది సార్? గా చెప్పు నేనే కద తెచ్చింది! పనికి పోతుంటే బండ్ల బాట పక్కన కనవడ్డది. తువాలల సుట్టుకోని ఉరికొచ్చి ఈ ఎస్సై సార్ చేతులనే వెట్టిన. అడుగున్రి సార్ ఆయన్ని!"

నాకు అప్పుడు అర్థమైంది. బాబు వాసన మీద ఏసోబు చెమట వాసన పడింది. చెప్పును తువ్వాలలో చుట్టుకుని పరుగెత్తుకొచ్చిన మనిషి ఇల్లు ఎక్కడో టీనా సరిగ్గా చెప్పింది. మేం దాన్ని అడిగిన ప్రశ్నే తప్పు. ఎస్సైని పక్కకు లాగి ఆ మాటే చెప్పాను.

"పంచనామా అయిపోయింది వెంకన్నా," అన్నాడు మెల్లగా. "పోలీసోళ్లే కనుక్కున్నరని రాసినం. ఇప్పుడు కొట్టేసి మల్ల రాస్తే రేపు కోర్టుల లాయర్లు నన్ను నంజుకు తింటరు."

జనం అప్పటికే గుమ్మం మీదికి వస్తున్నారు. ఏసోబును జీపెక్కించారు. రక్షణ కోసమట. ఆ రక్షణలో ఆయన అరికాళ్లు వాచి, తర్వాత చాలాకాలం చెప్పులు పట్టలేదు. ఆయన భార్య సుగుణమ్మ జీపు వెంట రోడ్డు చివరిదాకా పరుగెత్తింది.

ఇంకొకటి రాయాలి. ఆ గందరగోళంలో ఒక యువకుడు నా దగ్గరికొచ్చి, "కుక్కకు దూపైనట్టుంది అన్నా" అని గిన్నెలో చల్లటి నీళ్లు తెచ్చి పెట్టాడు. పేరు శ్రీను, బాబుకు వరసకు చిన్నాన్న. టీనా ఆ నీళ్లు తాగింది. మంచివాడనుకున్నాను.

మరునాడు పశువుల కాపర్లకు వాగు పక్కన బాబు శవం దొరికింది. అక్కడ నేను చూసింది రాయను. తల్లి పద్మ ఏడుపు గురించి కూడా రాయను. ఆమె అంతసేపూ ఒకటే మాట అంది: "కాలికి చెప్పు లేకుండా నడిపించారా అమ్మా నా బిడ్డని!" ఆ మాటకు నేను అటు తిరిగి టీనా మెడ పట్టుకుని ఏడ్చాను. యూనిఫామ్‌లో ఉన్నాను, ఏం చేయను?

కోర్టులో కుక్క

చంపింది శ్రీనే. పెట్రోలు బంకు కెమెరాలో బాబు ఆయన బండి ముందు కూర్చుని కనిపించాడు. కుడికాలి చెప్పు శ్రీను ట్రాక్టరు షెడ్డులోనే, ఆయనే చూపిస్తే దొరికింది. కాలువ నీళ్ల దగ్గర బాబు తండ్రితో తగాదా. ఒక పూట దాచి భయపెడదామనుకున్నాడట, పిల్లవాడు ఏడుపు ఆపలేదట. అదీ కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఉంటుందని మనం వెతుకుతాం గాని, ఉండదు.

కేసు తేలిపోయిందని ఏసోబును పంపించేశారు. కాగితం మీద ఆయన్ని అరెస్టే చేయలేదు కాబట్టి విడుదల చేసినట్టూ కాగితం లేదు.

విచారణ మొదలయ్యాక తమాషా మొదలైంది. కుక్క సాక్ష్యాన్ని కోర్టు పెద్దగా లెక్కలోకి తీసుకోదు. దాన్ని బోనెక్కించి ప్రశ్నించలేరు కదా! అందుకే మా వాళ్లు ఛార్జిషీటులో టీనా ఊసే ఎత్తలేదు. ఈ మధ్య చట్టాల పేర్లు మారాయి, సెక్షన్ల నంబర్లు మారాయి, కుక్క పరిస్థితి మాత్రం అలాగే ఉంది. అలాంటి టీనా కోసం నాకు సమన్లు పంపింది ఎవరనుకున్నారు? శ్రీను తరఫు లాయరు. ఆయన వాదన చాలా సులువు: పోలీసు కుక్కే ఏసోబు ఇల్లు చూపించింది, కాబట్టి నేరస్తుడు ఏసోబు, నా క్లయింటు అమాయకుడు.

కోర్టు వరండాలో ఎస్సై నన్ను పట్టుకున్నాడు. "చెప్పు ఎవరు తెచ్చిండ్రో యాదికి లేదను, సాలు. నా నౌకరి నీ చేతుల ఉంది వెంకన్నా."

యాదికి లేదంటే ఎస్సై కాగితం నిలబడుతుంది. దానితోపాటే టీనా వేలెత్తి చూపినట్టు ఏసోబు మీద అనుమానమూ నిలబడుతుంది, ఆ అనుమానంలోంచి శ్రీను జారిపోతాడు. నిజం చెబితే పంచనామా బద్దలవుతుంది, ఆ బద్దలైన దాన్ని పట్టుకుని కుడికాలి చెప్పు కూడా పోలీసులే పెట్టారంటాడు లాయరు. ఎటు చూసినా శ్రీనుకే లాభం. ప్రభుత్వం తరఫు లాయరు, మేం పీపీ మేడమ్ అంటాం, నా మొహం చూసి విషయం కనిపెట్టింది. "నిజం చెప్పండి వెంకన్నగారూ. ఎడమకాలిది పోతే పోనివ్వండి, కుడికాలిది నేను చూసుకుంటాను" అంది.

బోనులో నిలబడ్డాను. వెనక బెంచీలో పద్మ కూర్చుని ఉంది. ఆమె ఒక్క వాయిదా కూడా తప్పేది కాదు.

"మీ కుక్కకు శిక్షణ ఉందా?" అన్నాడు లాయరు.

"ఉంది సార్."

"ఆ రోజు అది పొరపాటు పడిందా?"

"లేదు సార్."

ఆయన జడ్జిగారి వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు. "అంటే నేరస్తుడి ఇంటి ముందే కూర్చుంది."

"కాదు సార్. ఆ చెప్పు పట్టుకున్న మనిషి ఇంటి ముందు కూర్చుంది."

"చెప్పు పోలీసులకే దొరికిందని ఎస్సైగారు, కోటేశ్వరరావుగారు ఇద్దరూ ప్రమాణం చేసి చెప్పారు కదా?"

"ఏసోబు తెచ్చిచ్చాడు సార్. ఎస్సైగారి చేతికే ఇచ్చాడు. ఏసోబు నా ముందే ఆ మాట చెప్పాడు, ఎస్సైగారు కాదనలేదు."

జడ్జిగారు కళ్లద్దాలు తీసి ఎస్సై వైపు చాలాసేపు చూశారు.

తీర్పు

శ్రీనుకు యావజ్జీవం పడింది. ఎడమకాలి చెప్పును జడ్జిగారు పక్కన పెట్టేశారు, పంచనామా రాసిన తీరును గట్టిగా దుయ్యబట్టారు, కెమెరానూ కుడికాలి చెప్పునూ నమ్మారు. హైకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. ఎస్సైకి మెమో ఇచ్చారు, కొంతకాలానికి ప్రమోషనూ ఇచ్చారు. కోటేశ్వరరావు గారిని ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమనిషి కదా!

తీర్పులో ఏసోబు నిర్దోషి అన్న మాట ఎక్కడా లేదు. నిర్దోషి అని రాయాలంటే ముందు ముద్దాయి కావాలి. ఆ అదృష్టం కూడా ఆయనకు లేకపోయింది.

పోనీ, నేను కోర్టులో చెప్పిన నిజం ఊళ్లో పనికొచ్చిందా అంటే, అది ఇంకా కొంప ముంచింది. అంతకుముందు కుక్క కూర్చుందని మాత్రమే అనేవారు. ఇప్పుడు "ఊరంతా వెతికితే దొరకని చెప్పు వీనికే ఎట్ల దొరికింది?" అనడం మొదలుపెట్టారు. "శ్రీను ఒక్కడే చేసిండంటవా? కుక్క ఊకెనే కూసుంటదా?" ఈ మాటలకు పెద్ద గొంతు కోటేశ్వరరావు గారిది. ఉండదా మరి? ఏసోబు మంచివాడైతే ఆయన కోర్టులో ప్రమాణం చేసి అబద్ధమాడినట్టవుతుంది.

ఏసోబు అడిగింది

టీనా రిటైరయ్యాక అనుమతి తీసుకుని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆ తర్వాత నేనూ రిటైరయ్యాను. ఇద్దరు పెన్షనర్లం కలిసి పొద్దున్నే వాకింగ్ చేస్తుంటే, ఒకరోజు మా గేటు దగ్గర ఏసోబు, సుగుణమ్మ నిలబడి ఉన్నారు.

కుర్చీ వేసినా ఏసోబు కూర్చోలేదు. "నేను బజాట్ల నడుస్తుంటే తల్లులు పిల్లల్ని లోపటికి గుంజుకుంటున్నరు సార్" అన్నాడు. "మొన్న ఒక చిన్నోడు సైకిల్ మీదికెల్లి పడ్డడు. లేపుదామని ఉరికిన. వాళ్లమ్మ ఎట్ల ఒర్లిందంటే... నేను ఆడనే నిలవడ్డ సార్, చేతులు గిట్ల గాలిల వెట్టుకోని."

"తీర్పు కాపీ తెచ్చి ఊళ్ల చదివి వినిపిద్దామా?" అన్నాను.

"ఆ కాయితం ఎవలు నమ్ముతరు సార్? వాళ్లు నమ్మేది దీన్ని." టీనాను చూపించాడు. "ఒక్కసారి దీన్ని తోలుకరా. అందరి ముందట మా ఇంటి ముందుకెల్లి ఆగకుంట నడిపియ్యి. గంతే."

వాసన చూపించకపోతే ఏ కుక్కైనా ఏ ఇంటి ముందూ ఆగదు. అది పరీక్ష కాదు, నాటకం. ఆ సంగతి ఆయనకూ తెలుసనుకుంటాను. నాకు వద్దనబుద్ధి కాలేదు. రిటైరైన కుక్క ఎక్కడ నడవాలో చెప్పే జీవో కూడా ఏదీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం, చర్చి ప్రార్థన అయ్యాక వెళ్లాం. కుక్క మళ్లీ వచ్చిందంటే ఊరంతా కదిలింది. టీనా నడుము పట్టేసి, వెనక కాళ్లు ఈడుస్తూ నడిచింది. ఏసోబు గుమ్మం వైపు కన్నెత్తి కూడా చూడకుండా దాటిపోయింది. నేను జనం వైపు చూశాను. సుగుణమ్మ చేతులు జోడించి నిలబడింది.

కోటేశ్వరరావు గారు పకపకా నవ్వాడు. "ముసలిదైపోయిందండీ అది! ముక్కు పోయుంటుంది. ఇప్పుడు దానికేం తెలుస్తుంది?" నలుగురూ తలలూపారు. అయిపోయింది, మా నాటకం కాస్తా చీదేసింది. ఏసోబు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గొలుసు పట్టుకుని మేం వచ్చిన అద్దె జీపు వైపు నడిచాను.

రోడ్డు దాటి రైతుల ఇళ్ల ముందు నుంచి పోతుంటే టీనాకు ఇక చేతకాలేదు. ఒక పెద్ద ఇనుప గేటు ముందు కూలబడింది. కూర్చుని, నన్ను చూసి, ఒక్కసారి మొరిగింది. కాళ్లు నొప్పి పెడితే అలాగే మొరుగుతుంది, ఇంట్లో రోజూ చేసే పనే.

ఆ గేటు కోటేశ్వరరావు గారిది.

జనం ఒక్కొక్కరే ఆయన వైపు తిరిగారు. అప్పటిదాకా ఆయన పక్కన నిలబడ్డ మనిషి రెండడుగులు అవతలికి జరిగాడు. కోటేశ్వరరావు గారి మొహం పాలిపోయింది.

"ఏంటండీ ఇది! ముసలి కుక్క, ఎండకి అలిసిపోయి కూర్చుంది. దానికేం పాపం తెలుసు? నోరులేని జంతువు!"

వెనక నుంచి సుగుణమ్మ ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు. "అయితే ఆ దినం మా గుమ్మం ముందట గూడ గట్లనే అలిసిపోయి కూసున్నదేమో, అయ్యా?"

ఆయన గబుక్కున నా వైపు తిరిగాడు. "అంతే అయ్యుంటుంది. ఆ రోజూ అలిసిపోయే ఉంటుంది. చెప్పండి వెంకన్నగారూ, మీకు తెలుసుగా!"

ఊరంతా నా మొహంలోకి చూస్తోంది. ఆ రోజు పొద్దున టీనా ఎలా నడిచిందో నాకు తెలుసు. దాని బతుకులో చేసిన అన్నిటికంటే గొప్ప పని అది.

"అవును," అన్నాను. "ఆ రోజు కూడా అలిసిపోయే కూసుంది. పొరపాటు కుక్కదే."

హమ్మయ్య అన్నట్టు ఊరంతా ఊపిరి వదిలింది. "గదా మరి! కుక్కకేం ఎరుక?" "నేను ఆ దినమే అనుకున్న!" అంటూ ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన ఏసోబు భుజం మీద చెయ్యేసి బీడీ ఇవ్వబోయాడు. కోర్టులో ప్రమాణం చేసి నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు. నడిబజార్లో అబద్ధం చెప్పాను, ఒక్కరు కూడా ఎదురు ప్రశ్న వేయలేదు. నేను వంగి టీనా వీపు నిమురుతూ ఉండిపోయాను. దాని మొహంలోకి చూడలేకపోయాను.

జనం పలచబడ్డాక పద్మ తన గేటు తీసుకుని బయటికొచ్చింది. కోటేశ్వరరావు గారి మీదా, నా మీదా, టీనా మీదా ఆమె చూపు ఆగలేదు. రోడ్డు దాటి ఏసోబు ముందుకు వెళ్లి నిలబడింది. ఆయన అలవాటు కొద్దీ పక్కకు తప్పుకోబోయాడు.

"అన్నా," అంది. "మా బాబు చెప్పు నీకు ఎక్కడ దొరికిందో నాకు ఒకసారి చూపిస్తావా? ఇన్నేళ్లయింది. నేనింకా ఆ చోటు చూడలేదు."

ఏసోబు తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"రా అమ్మా," అన్నాడు.

ఇద్దరూ అడవి వైపు బండ్ల బాట పట్టారు.